మీటరు మీద కూర్చున్నాయన

గేటు బయట నిలబడి "మీటరండీ!" అని కేకేసి కేకేసి ఆవిడకి మీటరమ్మ అన్న పేరే స్థిరపడిపోయింది. సరదా పుట్టినప్పుడు ఇంట్లో భర్త కూడా అలాగే పిలుస్తాడు. కోపం వచ్చినప్పుడు మాత్రం "ఏమేవ్" అంటాడు.

ఆవిడ తిరిగేది నగరం అంచున, ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళ మధ్య. ప్రతి ఇంటి ముందూ చాపంత పచ్చిక, ఒక కారు, ఒక గేటు, గేటు పక్కన నేలలో ఇనప మూత. ఆ మూత కింద గుంట, గుంటలో నీళ్ళ మీటరు. మూత ఎత్తాలి, నడుం వంచాలి, లోపల కప్ప ఉంటే పక్కకి జరగమని బతిమాలాలి, అద్దం మీద బురద తుడవాలి, అంకెలు చూసి ఫోన్లో కొట్టాలి, సాక్ష్యానికి ఒక ఫోటో తీయాలి, మూత వేసేయాలి. మళ్ళీ ఇంకో గేటు.

టోపీ మీద నీళ్ళ కంపెనీ గుర్తుంది, చొక్కా మీదా ఉంది. అయినా ఆవిడ కంపెనీ మనిషి కాదు. మధ్యలో ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. ఏడాదికోసారి "అవసరాన్ని బట్టి" మళ్ళీ పెట్టుకుంటారు. ఎవరి అవసరమో కాగితంలో రాయరు. భర్త ఫ్యాన్లూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేస్తాడు. ఈ రోజుల్లో పాడైన ఫ్యాన్ని బాగుచేయించుకునేదెవరు, పడేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. వాళ్ళతోపాటే ఉంటున్న ఆడపడుచు ఒక బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తుంది. చక్కని చేయి ఆ పిల్లది, జీతమే చిక్కిపోయినది. అంచేత ఆ ఇల్లు నిలబడింది మీటరమ్మ మోకాళ్ళ మీద.

బుద్ధుడు ఆవిడకి ఫుట్‌పాత్ మీద దొరికాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అక్కర్లేని సామాను గేటు బయట పెట్టి వెళ్ళిపోయారు. విరిగిన కుర్చీ, బల్బు లేని లైటు స్టాండు, ధ్యానం నేర్పే పుస్తకాల కట్ట, ఆ కట్ట మీద గుప్పెట్లో పట్టేంత పింగాణీ బుద్ధుడు. ఒక చెవి తమ్మె కాస్త విరిగింది. కళ్ళు మూసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, తనని బయటపడేసిన సంగతి ఇంకా తెలియనట్టు కూర్చుని ఉన్నాడు. ధ్యానం కుదరక పడేశారో, కుదిరిపోయింది ఇక చాల్లే అని పడేశారో. మీటరమ్మ అటూ ఇటూ చూసి ఆయన్ని చొక్కా జేబులో వేసుకుంది.

పక్కింటి గుంట దగ్గర వంగబోతే బొమ్మ జేబులోంచి జారేలా ఉంది. తీసి మీటరు మీద పెట్టింది. ఫోన్ టార్చి వేసింది. చీకటి గుంటలో, గుండ్రటి అద్దం మీద, వెలుగులో ఆయన. అద్దం కింద చిన్న ఎర్ర చక్రం గిరగిరా తిరుగుతోంది, లోపల ఎవరో గంటల తరబడి స్నానం చేస్తున్నట్టున్నారు. పైన ఈయనేమో లోకం నీళ్ళన్నీ ఒలకబోసుకున్నా నాకేం అన్నట్టున్నాడు. మీటరమ్మకి నవ్వాగలేదు. గుంటలోకి వంగి నవ్వితే ఆ నవ్వు తిరిగొచ్చి మొహానికే తగిలింది. పనిలో అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదు.

ఫోటో తీసి ఆడపడుచుకి పంపింది. నిమిషంలో జవాబు.

"ఎవరు వదినా ఈయన? మీ కంపెనీలో కొత్తగా చేరాడా? పర్మనెంటేనా?"

"కాంట్రాక్టే. కానీ చూడు, కాస్తయినా టెన్షన్ లేదు."

అలా మొదలైంది. ఆ తర్వాత వీధికో ఫోటో. గుమ్మం ముందు వరసగా విడిచిన బూట్లలో, ఒక పెద్ద బూటు లోపల ఆయన, పడవలో కూర్చున్నట్టు. ఎవరో వీధి మలుపులో వదిలేసిన సూపర్‌మార్కెట్ బండిలో ఒంటరిగా ఆయన. అంత బండిలో కొనడానికేమీ లేని ఏకైక మనిషి. బస్‌స్టాప్ బెంచీ మీద ఒళ్ళో టికెట్ పెట్టుకుని. గేటు అవతల ఒక కుక్క పళ్ళన్నీ బయటపెట్టి అరుస్తోంటే గేటు ఇవతల ఈయన. దాని కింద మీటరమ్మ "చర్చలు జరుగుతున్నాయి" అని రాసి పంపింది. ఆడపడుచు బేకరీ నుంచి కేకు మీద గుచ్చే కాగితం గొడుగు తెచ్చిచ్చింది, పంచదార పువ్వు తెచ్చింది. "ఆయనకి రోజూ అదే డ్రెస్సా వదినా, పాపం" అంటూ నాప్‌కిన్ కత్తిరించి చిన్న కంపెనీ చొక్కా కూడా తయారుచేసింది.

భర్తకే ఇది నచ్చలేదు.

"గుంటల్లో పెట్టడమేంటే ఆయన్ని! పాపం తగలదూ?"

"అంత భవంతి వద్దని నడిచి వెళ్ళిపోయినాయన. గుంటకి నామోషీ పడతాడా?"

భర్త జవాబు దొరకనప్పుడల్లా చేసే పనే చేశాడు, "ఆ స్క్రూడ్రైవరు ఇటివ్వు" అన్నాడు. కానీ మర్నాడు పొద్దున్న టిఫిన్ డబ్బా పక్కన ఫ్యాన్ రాగి తీగతో అల్లిన బుల్లి పీట ఒకటి పెట్టి ఉంది, తడి అద్దం మీద బొమ్మ జారకుండా.

మనం గేటు అవతల ఉండేవాళ్ళం. గేటు బయటికి వచ్చిపోయే మనుషుల్ని మనం పనితోనే చూస్తాం. మీటరు, పాలు, చెత్త, పార్సిల్. ఆ చొక్కాలో ఒక మనిషి ఉందనీ, ఆ మనిషికి పచ్చిక మీద పడ్డ ఎండ చూస్తే ఏదో చేయాలనిపిస్తుందనీ మనకి తోచదు. బొమ్మలు తీర్చడం తీరికున్నవాళ్ళ హక్కనుకుంటాం. మీటరమ్మకి తీరికెక్కడిది? మూతకీ మూతకీ మధ్య దొరికినంతే.

ఇక తప్పు ఎలా జరిగిందంటే, అది ఆ పనిలో ఉన్నవాళ్ళకే జరగగల తప్పు. కంపెనీ ఇచ్చిన యాప్‌లో కెమెరా ఉంది కానీ గుంట చీకట్లో అది నల్లగా తప్ప ఏమీ చూపించదు. చెప్పి చూశారు, ఎవరూ వినలేదు. అందుకని మీటరు చూసేవాళ్ళంతా ఫోన్ మామూలు కెమెరాతో టార్చి వేసి తీసుకుంటారు. వీధి అయిపోయాక బస్‌స్టాప్‌లో కూర్చుని ఒక్కో ఇంటికి ఒక్కో ఫోటో తగిలిస్తారు. ఇంటి నంబరు కొట్టగానే అక్కడ ఆఖరున తీసిన ఫోటో తనంతట తనే ముందుకొస్తుంది, బొటనవేలితో నొక్కడమే. మీటరమ్మ ముందు డ్యూటీ ఫోటో తీసి, తర్వాత బుద్ధుడి ఫోటో తీసేది. వీధికి ఒకటేగా, ఆ ఒక్క ఇంటి దగ్గర గుర్తుపెట్టుకుని వెనక్కి జరిపి డ్యూటీ ఫోటో తగిలించేది.

ఆ రోజు వాన వెలిసింది. ఆకుల మీదా కార్ల మీదా నీటి చుక్కలు, మబ్బు పక్కకి తప్పుకుని మెత్తని ఎండ. అలాంటి వెలుగు ఎప్పుడోగాని దొరకదు. మీటరమ్మకి పూనకం వచ్చినట్టయింది. ఆ వీధిలో ఒక్క ఇంటి దగ్గర తప్ప అన్ని గుంటల్లోనూ ఆయన్ని కూర్చోబెట్టింది. ఒకచోట గొడుగేసుకుని, ఒకచోట కప్పకి ఎదురుగా, ఒకచోట సీసా మూతలో కాళ్ళు కడుక్కుంటున్నట్టు. అంకెలు ఎక్కడా మూసుకుపోలేదు, అందులో మాత్రం ఆవిడ గట్టిది. తర్వాత బస్‌స్టాప్‌లో తడిసిన వేలితో, ఎప్పటి అలవాటు కొద్దీ, ముందుకొచ్చిన ఫోటోనే నొక్కుతూ పోయింది. గోరంత బొమ్మలు, అన్నీ బూడిదరంగు గుండ్రాల్లాగే ఉన్నాయి. నొక్కింది, పంపింది, బస్సెక్కింది.

ఆ కంపెనీ బిల్లు మీద మూలన మీటరు ఫోటో అచ్చవుతుంది.

మీటరమ్మకి సంగతి సూపర్‌వైజరు ఫోన్ చేసేదాకా తెలియదు. ఆయన ఆవిడకన్నా చాలా చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడతాడు.

"అమ్మా, మీరు బిల్లుల మీద బొమ్మలు వేయిస్తున్నారంట?"

"బొమ్మలేంటి సార్?"

"బుద్ధుడమ్మా. వీధంతా బుద్ధుడే."

ఆవిడ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"కంప్లయింట్ వచ్చింది. వీధి చివరింటావిడ. మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసిందంట, పైవాళ్ళ దాకా వెళ్ళింది. రేపు పొద్దున్న నేనూ వస్తాను. మీరు ఆవిడకి క్షమాపణ చెప్పాలి. ఆవిడ సరేనని కంప్లయింట్ వెనక్కి తీసుకుంటే మంచిదే."

"తీసుకోకపోతే?"

"నెలాఖరుకి మీ కాంట్రాక్టు రెన్యువల్ ఉంది కదమ్మా." తర్వాత ఏదో చదువుతున్నట్టు అన్నాడు. "ఆ బొమ్మ కూడా తీసుకురండి."

"ఎందుకు సార్?"

"ఏమో. పైవాళ్ళు తెమ్మన్నారు."

ఫోన్ పెట్టేయగానే ఆవిడ చేసిన మొదటి పని, బుద్ధుడి ఫోటోలన్నీ చెరిపేయడం. ఒక్కొక్కటీ నొక్కి, "తీసేయమంటారా?" అని ఫోన్ అడిగితే అవునని నొక్కి. బూటులో పడవా పోయింది, సూపర్‌మార్కెట్ బండీ పోయింది. దొంగతనం చేసి సరుకు దాచేస్తున్నట్టు గబగబా నొక్కింది. ఏం దొంగిలించిందని?

సాయంత్రం ఇంట్లో చెప్పింది. భర్త తిడతాడనుకుంది. తిట్టలేదు, దానికి ఇంకా భయమేసింది. విప్పి పెట్టిన ఇస్త్రీపెట్టె ముందు కూర్చుని, ఒకే స్క్రూని బిగిస్తూ, వదులు చేస్తూ ఉండిపోయాడు. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారన్న మాట ముగ్గురి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆడపడుచే ముందు తేరుకుంది. "సరే, ఏం చెప్పాలో ఇప్పుడే చూసుకుందాం. నేనే ఆవిణ్ణి అనుకో. చెప్పు."

"క్షమించండమ్మా, పొరపాటున..."

"క్షమించను! ఫో!"

"ఏమే, నువ్వు నా వైపా, ఆవిడ వైపా?"

"రేపు ఆవిడ ఇంకా గట్టిగా అంటుంది వదినా. ఇప్పుడే అలవాటు చేసుకో. ఇంకోసారి చెప్పు. అలా నేల చూపులు చూస్తూ కాదు, మొహంలోకి చూస్తూ చెప్పు. నువ్వేం నరహత్య చేశావా?"

"బుద్ధుణ్ణి గుంటలో పెట్టింది," అన్నాడు భర్త తలెత్తకుండా.

"పీట వేసింది ఎవరన్నయ్యా?"

దాంతో ఆయన మళ్ళీ స్క్రూలోకి వెళ్ళిపోయాడు.

మీటరమ్మకి ఆ చివరిల్లు బాగా గుర్తుంది. ఇంటావిడ మొహం తెలియదు, గొంతే తెలుసు. ఆ వాన రోజునే కిటికీ తెరల వెనకనుంచి వినబడింది. "ఎంతసేపు ఆ గుంట దగ్గర? కానిచ్చి వెళ్ళు!" ఆ గొంతు క్షమిస్తుందంటే నమ్మకం కుదరలేదు.

మర్నాడు సూపర్‌వైజరు వీధి మొదట్లో బండి ఆపాడు. ఎలాగూ వచ్చాం, అంకెలు సరిగా ఉన్నాయో లేదో కూడా చూద్దాం, రిపోర్టులో రాసుకోవచ్చు అన్నాడు. అలా ఇద్దరూ మూతలెత్తుకుంటూ నడిచారు. నిజానికి మూతలు ఎత్తింది ఆవిడే. ఆయన మొదటిది ఎత్తబోయి వేళ్ళు నలగ్గొట్టుకున్నాడు. రెండో గుంటలో తొంగి చూస్తే మెరుస్తున్న బూట్ల మీదికి కప్ప దూకింది. తర్వాతి గేటు దగ్గర కుక్క మీదికొస్తే ఆయన మీటరమ్మ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"రోజూ ఇంతేనా అమ్మా?"

"ఇది మంచి కుక్క సార్. అరుస్తుందంతే."

అంకెలన్నీ సరిపోయాయి. ఒకింటి ముందు కారు కడుక్కుంటున్నాయన గొట్టం పక్కకి తిప్పి, "ఏమ్మా, ఈసారి మన బుద్ధుడు రాలేదా?" అన్నాడు. ఇంకో గేటు దగ్గర ఒక ముసలాయన, "మంచి పని చేశారండీ, నీళ్ళు పొదుపుగా వాడమని కంపెనీవాళ్ళు భలే పెట్టారు" అన్నాడు సూపర్‌వైజరుతో. సూపర్‌వైజరు గబగబా తర్వాతి మూత దగ్గరికి నడిచాడు.

మీటరమ్మకి ఆ మాటలు ఊరటనివ్వలేదు. గేటు దగ్గర మెచ్చుకునేవాళ్ళు ఫోన్ ఎత్తి మెచ్చుకోరు. ఫోన్ ఎత్తేది కోపం వచ్చినవాళ్ళే. ఇన్నేళ్ళలో ఆవిడకి తెలిసిన సంగతి అది.

వీధి సగం దాటాక సూపర్‌వైజరు ఇబ్బందిగా చుట్టూ చూశాడు. "ఇక్కడ దగ్గర్లో ఎక్కడైనా టాయిలెట్..."

"లేదు సార్."

"మరి మీరెలా?"

"పొద్దున్న లేచాక నీళ్ళు తాగను."

"రోజూనా?"

"డ్యూటీ ఉన్న రోజు. ఒకసారి ఎవరినో అడిగాను. గేటు వేసేశారు."

ఇంటింటికీ ఎన్ని నీళ్ళు పోయాయో చుక్కతో సహా చెప్పే మనిషి, దాహమేసినా నీళ్ళు ముట్టకుండా ఊరంతా తిరుగుతోంది. ఆ కంపెనీ రిపోర్టుల్లో దీన్ని రాయడానికి ఎక్కడా జాగా లేదు. ఏ కంపెనీ రిపోర్టుల్లోనైనా ఉందా అని చదివేవాళ్ళు కనుక్కుంటే బాగుంటుంది.

చివరిల్లు వచ్చింది. గేటు లోపల డ్రైవింగు నేర్చుకునేవాళ్ళ 'ఎల్' బోర్డు తగిలించిన చిన్న కారు, దాని మీద దుమ్ము. సూపర్‌వైజరు బెల్లు కొట్టాడు. లోపల టకటకమని చప్పుడు, చాలా నెమ్మదిగా దగ్గరికొచ్చింది. తలుపు తీసినావిడకి నలభై దాటి ఉంటాయి. చంకల్లో కర్రలు, కుడికాలికి మోకాలి దాకా తెల్లటి ప్లాస్టరు.

"కంపెనీ నుంచా? ఎన్నిసార్లు ఫోన్ చేయాలండీ మీకు? రండి లోపలికి."

లోపలికి వెళ్ళారు. సోఫా అంచున కూర్చున్నారు. గోడ మీద సర్టిఫికెట్లు వరసగా ఉన్నాయి, ఆవిడ డ్రైవింగు స్కూల్లో టీచరని. సూపర్‌వైజరు గొంతు సవరించుకుని, "మేడమ్, జరిగినదానికి కంపెనీ తరఫున... అమ్మా, చెప్పండి" అన్నాడు.

మీటరమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "క్షమించండమ్మా. మీ బిల్లు మీద ఆ బొమ్మ పడడం నా పొరపాటే..."

"నా బిల్లు మీద ఎక్కడ పడింది?"

డ్రైవింగు టీచరు బల్ల మీది బిల్లు తీసి వాళ్ళ ముందు పెట్టింది. మూలన బురద మరక ఉన్న మీటరు, అంకెలు, అంతే.

"చూడండి. పక్కింటివాళ్ళ మీటరు మీద గొడుగేసుకుని కూర్చున్నాడు. ఎదురింటివాళ్ళకి కప్పతో కబుర్లు చెబుతున్నాడు. ఆ అవతలివాళ్ళయితే గోడ మీంచి బిల్లు చూపించి మరీ మురిసిపోయారు. వీధందరికీ వచ్చాడు, నాకెందుకు రాలేదండీ? ఉత్త మీటరు పంపిస్తారా నాకు?"

"అంటే మేడమ్," అన్నాడు సూపర్‌వైజరు జాగ్రత్తగా, గుంటలో కాలు పెట్టేవాడిలా, "మీ కంప్లయింట్..."

"అదే నా కంప్లయింట్! ఫోన్లో అమ్మాయికి విడమరిచి చెప్పాను. 'ఫోటో గురించి కంప్లయింటేనా మేడమ్?' అంది. అవునన్నాను. రాసుకున్నానంది."

అంతే జరిగింది. అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ళకి వచ్చిన ప్రతి ఫోనూ కంప్లయింటే, ఇంకోలా రాసుకునే వీలు లేదు. ఒక మనిషి నాకూ కాస్త నవ్వు కావాలి అని అడిగితే, అది పైకి వెళ్ళేసరికి ఇంకో మనిషి కూడు తీసేసే సంగతయింది.

సూపర్‌వైజరు మొహం తేటపడింది. మీటరమ్మ మాత్రం ఇంకా గట్టెక్కలేదు. ఎందుకంటే డ్రైవింగు టీచరు ఇప్పుడు ఆవిడ వైపే చూస్తోంది.

"చెప్పండి. మా ఇంటి దగ్గరే ఎందుకు పెట్టలేదు?"

మర్చిపోయానమ్మా అంటే సరిపోయేది. సూపర్‌వైజరు కళ్ళతో అదే చెప్పమంటున్నాడు. మీటరమ్మ నోట్లోంచి నిజమే వచ్చింది.

"మీరు కసిరారమ్మా."

"నేనా?"

"కిటికీలోంచి. ఎంతసేపు, కానిచ్చి వెళ్ళు అన్నారు. అందుకని గబగబా ఒకటి తీసుకుని వెళ్ళిపోయాను."

సూపర్‌వైజరు దగ్గాడు. ఆ మాటని వెనక్కి లాగి మింగేయొచ్చేమో అని మీటరమ్మకి అనిపించింది, కానీ అది గది మధ్యలో కూర్చుంది. అంతా చక్కబడే వేళకి తన నోరే తన పనిని పోగొట్టిందా?

డ్రైవింగు టీచరు కర్రలు పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది.

"కసిరే ఉంటాను," అంది ప్లాస్టరు వైపు చూసుకుంటూ. "కొత్తగా కాలు విరిగిన రోజులు. బయట ఎవరైనా మామూలుగా నడుస్తోంటే చూడలేకపోయేదాన్ని. కారు తీసుకెళ్ళి గోడకి గుద్దేసినవాళ్ళ మీద కూడా ఎప్పుడూ అరవలేదండీ నేను. తప్పయింది."

"అయ్యో, ఎవరు గుద్దారమ్మా కాలికి?"

"ఎవరూ లేదు. ఇన్నేళ్ళు రోడ్డు మీద బతికి, మా ఇంటి మెట్టు మీద జారిపడ్డాను."

ముందు నవ్వింది ఆవిడే. తర్వాత మీటరమ్మ. సూపర్‌వైజరు నవ్వొచ్చో కూడదో తేల్చుకోలేక ఇద్దరినీ చూసి, ఆలస్యంగా నవ్వాడు.

"ఇంతకీ తెచ్చారా ఆయన్ని?"

పైవాళ్ళు తెమ్మన్నందుకు తెచ్చింది. జేబురుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. డ్రైవింగు టీచరు దగ్గరగా వంగి చూసి, "చెవి విరిగిందే పాపం" అంది, ఆసుపత్రిలో పక్క మంచం మనిషిని పలకరించినట్టు.

మీటరమ్మ లేచి నిలబడింది. గది చుట్టూ ఒకసారి చూసింది, కిటికీ వైపు చూసింది, ప్లాస్టరు వైపు చూసింది. అప్పటిదాకా సోఫా అంచున ముడుచుకుని కూర్చున్న మనిషి ఆవిడేనా అనిపించింది సూపర్‌వైజరుకి.

"కాలు ఆ స్టూలు మీద పెట్టండమ్మా. కొంచెం ఎత్తుగా. సార్, మీరు ఆ తెర పట్టుకోండి. అంత కాదు, సగం. ఇంకొంచెం. ఆగండి, కదలొద్దు."

పాదం దగ్గర, ప్లాస్టరు అంచున బుద్ధుణ్ణి కూర్చోబెట్టింది. పక్కనుంచి వెలుగు పడగానే ఆ తెల్లటి గరుకు ప్లాస్టరంతా మంచుకొండ అయిపోయింది. కొండ కొమ్మున ఆయన. వెనక దూరంగా, మసకమసకగా, సర్టిఫికెట్ల వరస. మీటరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి తీసింది.

డ్రైవింగు టీచరు ఫోన్ తీసుకుని ఎంతోసేపు చూసింది. "ఈ కాలు ఇన్నాళ్ళలో ఒక్కసారీ బాగాలేదు. ఇందులో బాగుంది. బిల్లు మీద ఇదే వేయించండి."

"అది కుదరదు మేడమ్," అన్నాడు సూపర్‌వైజరు తెర పట్టుకునే, "ప్లాస్టరు మీద మీటరు లేదు."

ఆవిడ అప్పటికప్పుడు కంపెనీకి ఫోన్ చేసి కంప్లయింట్ తీసేయమంది. "కారణమా? కారణం వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఇంకో మాట రాసుకోండి. ఈవిణ్ణి పనిలోంచి తీసేస్తే మళ్ళీ చేస్తాను. అప్పుడు చేసేది నిజం కంప్లయింట్." తర్వాత సూపర్‌వైజరు బయటికెళ్ళి పైవాళ్ళతో మాట్లాడాడు. లోపల మీటరమ్మ, బాత్రూం ఒకసారి వాడుకోవచ్చా అని అడిగింది. డ్రైవింగు టీచరు అదేం ప్రశ్న అన్నట్టు చూసి కర్రతో దారి చూపించింది. వచ్చాక పెద్ద గ్లాసుడు నీళ్ళిచ్చింది. మీటరమ్మ ఆగకుండా తాగేసింది, ఇంకో గ్లాసు అడిగి అదీ తాగింది.

గేటు దగ్గర సూపర్‌వైజరు అన్నాడు. "అయిపోయిందమ్మా."

"అయిపోయిందంటే? పని ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే. రెన్యువల్ అవుతుంది."

"నోటిమాట వద్దు సార్. ఫోన్లో రాసి పెట్టండి."

ఆయన ఒక్క క్షణం ఆవిణ్ణి చూసి, ఫోన్ తీసి రాశాడు. ఆవిడ ఫోన్ మోగింది. అక్షరం అక్షరం చదువుకుంది, రెన్యువల్ అన్న మాట దగ్గర ఇంకోసారి చదువుకుంది.

"మీటరు ఫోటోల్లో మాత్రం వద్దమ్మా. బయట మీరేం తీసుకున్నా నేను చూడలేదు, వినలేదు." నాలుగడుగులు వేసి ఆగాడు. "ఆ టాయిలెట్ సంగతి... మీటింగులో చెప్పి చూస్తాను."

"చెప్పి చూడడం కాదు సార్. మేమందరం వస్తాం, మా ముందు చెప్పండి."

ఆయన తలూపి బండి దగ్గరికి నడిచాడు.

మీటరమ్మ ఇంటికి ఫోన్ చేసింది. బెల్లు పూర్తిగా మోగకుండానే భర్త ఎత్తాడు, పొద్దుటి నుంచీ చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టున్నాడు.

"ఉంది," అంది ఆవిడ.

అవతల ముక్కు చీదిన చప్పుడు. "సరే, సరే," అన్నాడు. మళ్ళీ "సరే" అన్నాడు. ఇంకేం చెప్పాలో తెలియక, "ఎండగా ఉందా అక్కడ?" అని అడిగాడు.

"ఉంది. బాగుంది."

ఆవిడ ఫోన్ పెట్టేసి, డ్రైవింగు టీచరు ఇంటి ముందున్న పొట్టి గోడ మీద కూర్చుంది. ఆ వీధిలో ఇన్నేళ్ళు తిరిగింది కానీ ఎప్పుడూ ఎక్కడా కూర్చోలేదు. టోపీ తీసి పక్కన పెట్టుకుంది. తర్వాతి వీధిలో మూతలన్నీ ఎత్తాల్సే ఉంది, వెళ్ళాలి. వెళ్తుంది. గాలి వీచి మెడ మీద చెమట చల్లబడింది. కారు కడుక్కుంటున్నాయన దూరం నుంచి చెయ్యి ఊపాడు. ఆవిడా ఊపింది, లేవకుండానే.